ఒకటో తారీకు స్నానం

ఈ కేసులోని పెద్దావిడ పేరు, ఊరు రాయడం లేదు. గోదావరి డెల్టాలో కాలువ గట్టున, కొబ్బరిచెట్ల మధ్య ఉన్న ఒక ఊరు అనుకుంటే చాలు. వీధిలో అందరూ ఆమెను మామ్మగారు అంటారు, నేనూ అలాగే రాస్తాను. కుటుంబాన్ని గుర్తుపట్టించే వివరాలు మార్చాను. జరిగిన తప్పులను మాత్రం మార్చలేదు. వాటిలో నావి కూడా ఉన్నాయి.

2025 ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆసుపత్రి నుంచి స్టాఫ్ నర్సు ఫోన్ చేశారు. వృద్ధుల కేసులు చూసే సామాజిక కార్యకర్తగా ఆ వార్డుతో నాకు పాత పరిచయమే. "రాత్రి ఒక పెద్దావిడను చేర్చారు. డెబ్బై ఆరేళ్లు. మాటకు పొంతన లేదు. మతిమరుపు జబ్బు అంటున్నాడు కొడుకు. బట్టలు మారుస్తుంటే నడుము కింద పుండు కనిపించింది. కాలి గోళ్లు చూస్తే కత్తిరించి నెలలైనట్టుంది. ఒకసారి వచ్చి చూడండి" అన్నారు.

నేను వెళ్లేసరికే ఆమె సగం పని చేసిపెట్టారు. పుండు ఎక్కడుంది, ఎంత వెడల్పు, ఎంత లోతు, ఒంటి బరువెంత, గోళ్లు ఎలా ఉన్నాయి అన్నీ డాక్టరుతో కేస్ షీటులో రాయించారు. నెలల తర్వాత మా చేతిలో నిలిచిన గట్టి ఆధారం అదే. పడక పుండు మానిపోతుంది, మానాక దాన్ని ఎవరికీ చూపించలేం. రాసిపెట్టిన కొలత ఉంటుంది.

ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని డాక్టరు తేల్చారు. పెద్దవయసులో ఈ రెండూ కలిస్తే మనిషి ఉన్నట్టుండి అయోమయంలో పడవచ్చు. డెలీరియం అంటారు. గంటల్లోనో రోజుల్లోనో వస్తుంది, కారణానికి వైద్యం చేస్తే చాలామందిలో తగ్గుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే డిమెన్షియా వేరు. ఇంట్లోవాళ్లకు మాత్రం రెండూ ఒకటే: మతి తప్పింది. ఈ ముద్ర పడ్డాక ఆ మనిషి నీళ్లు అడిగినా, తలుపు తీయమన్నా, డబ్బు ఏమైందన్నా అది మతిలేని మాటే అవుతుంది. అందుకే వృద్ధుల కేసుల్లో నేను ఫిర్యాదు కంటే ముందు డాక్టరుతో మాట్లాడతాను.

ఈసారి ఆ నియమం నేనే తప్పాను. మొదటిరోజే మంచం దగ్గర కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాను. చిన్నకొడుకు మంచం కాళ్లవైపు నిలబడి ఉన్నాడు. అతన్ని బయటికి పంపే దారి వెతక్కుండానే "మామ్మగారూ, ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా, తిడుతున్నారా?" అని అడిగేశాను. ఆమె నావైపు చూడలేదు. కొడుకు వైపు చూసి "మావాడు బంగారం" అన్నారు. దుప్పటి తలమీదికి లాక్కున్నారు. మర్నాడు వెళితే నిద్ర నటించారు.

పన్నెండేళ్లుగా ఈ పని చేస్తూ అలా ఎలా అడిగానంటే, ఫారంలో ప్రశ్న అలాగే ఉంటుంది. కొడుతున్నారా, తిడుతున్నారా, డబ్బు లాక్కుంటున్నారా. పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. కన్నకొడుకు ఎదురుగా నిలబడి ఉంటే ఏ తల్లి అవును గడిలో టిక్కు పెట్టిస్తుంది?

సెలైను, యాంటీబయాటిక్కులు పనిచేశాయి. ఆరో రోజుకు ఆమె వారం, నెల, తారీకు చెప్పారు. పక్క మంచం ఆవిడ ఏ ఊరినుంచి వచ్చిందో, ఆమెకు మనవలెందరో కూడా చెప్పారు. తెలివిగా, స్పష్టంగా ఉన్నారని డాక్టరు షీటులో రాశాకే మళ్లీ కూర్చున్నాను. నర్సు చిన్నకొడుకును మందుల చీటీతో కిందికి పంపారు. అక్కడ వరుస ఎప్పుడూ పొడుగే.

ఈసారి కొట్టారా అని అడగలేదు. "ఇంట్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీ రోజు ఎలా గడిచేదో చెప్పండి" అన్నాను.

కోడలు నాలుగున్నరకు లేస్తుంది. వంట చేస్తుంది. మామ్మగారికి కాఫీ ఇచ్చి, ఒళ్లు తుడిచి, పక్క మారుస్తుంది. ఆరింటికి రొయ్యల కంపెనీ బస్సు వస్తుంది, వెళ్లిపోతుంది. కొడుకు చెరువుల మీదికి పోతాడు. అన్నం గిన్నె మూతపెట్టి స్టూలు మీద ఉంటుంది. తలుపుకు తాళం.

"బయటి నుంచా?"

"బయటి నుంచే. లోపలి నుంచి వేస్తే నేను తీసుకుంటానుగా" అని చిన్నగా నవ్వారు.

"మరి నీళ్లు?"

"పొద్దున్న ఒక గ్లాసు. ఎక్కువ తాగితే పక్క తడుస్తుంది కదమ్మా. దాన్ని మాత్రం ఎన్ని దుప్పట్లు ఉతకమంటావు?"

దాన్ని అంటే కోడలిని.

దాహం వేస్తే స్పూనుతో కిటికీ ఊచ మీద కొట్టేవారు. పక్కింటావిడ చెంబుతో వచ్చేది. ఊచల మధ్య చెంబు పట్టదు. బోండాల బండి దగ్గర తెచ్చిన స్ట్రా ఒకటి చెంబులో ముంచి, కొసను ఊచల్లోంచి లోపలికి ఇచ్చేది. మామ్మగారు ఇటునుంచి పీల్చుకునేవారు. అది చెబుతున్నప్పుడు ఆమె పెదాలు స్ట్రా పట్టుకున్నట్టే ముందుకు వచ్చాయి.

స్నానం గురించి మామూలుగానే అడిగాను. వ్యక్తిగత శుభ్రత అని ఒక గడి ఉంది, నింపాలి కదా అని.

"ఒళ్లు రోజూ తుడుస్తుంది. తలస్నానం ఒకటో తారీకున."

"ఒకటో తారీకే ఎందుకు?"

"పింఛను ఇచ్చేవాళ్లు వస్తారు కదా."

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి వేలిముద్ర వేయించుకుని ఇస్తారు. మంచి ఏర్పాటు, కదలలేని వాళ్లకు మరీను. ఆ రోజు ఈ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంటుంది. మామ్మగారికి తలంటి, ఇస్త్రీ చీర కట్టి, వసారాలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. వచ్చినవాళ్లకు ప్రతినెలా శుభ్రంగా, తల దువ్వుకుని, నవ్వుతూ ఉన్న పెద్దావిడే కనిపిస్తుంది. "ఐదువందల కాగితాలు ఎనిమిది. లెక్కపెట్టడం వరకు నేనే" అన్నారామె. లెక్కపెట్టాక కొడుకు జేబులోకి.

వీధిలో విచారిస్తే అందరి వేలూ కోడలి వైపే చూపించింది. తిండి పెట్టదు, నీళ్లివ్వదు, తాళం వేసి ఊరి మీదికి పోతుంది అన్నారు. ఆమె పోయేది ఊరి మీదికి కాదు, రొయ్యలు ఒలిచే షెడ్డుకు. ఆదివారం ఇంటికి వెళ్లి ఆమెతో మాట్లాడాను. రోజంతా ఐసునీళ్లలో నానిన వేళ్లు, చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"అత్తయ్యకు నీళ్లు తగ్గించిన మాట నిజమే మేడమ్" అంది, నేను అడగకముందే. "సాయంత్రం ఐదున్నరకు వస్తాను. వచ్చేసరికి పక్కంతా తడిసి, అందులోనే పడుకుని ఉండేది. పొద్దున్నుంచీ అలాగే. అది చూడలేక తగ్గించాను. తాగకపోతే జబ్బు చేస్తుందని నాకెవరు చెప్పారు?" కాసేపాగి మళ్లీ అంది. "మనిషిని పెట్టమన్నాను. డబ్బులెక్కడివన్నారు. మీ అమ్మ పింఛను ఉంది కదా అన్నాను. చెయ్యెత్తారు."

తాళం కథ కూడా ఆమే చెప్పింది. అంతకు ముందు ఏడాది మామ్మగారు దొడ్లో మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మూడు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. మళ్లీ పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకుంటారని కొడుకు తాళం మొదలుపెట్టాడు. మెట్లకు కమ్మీ కట్టించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

కేస్ షీటులో నేను మూడు మాటలు రాశాను: నిర్లక్ష్యం, నిర్బంధం, ఆర్థిక దోపిడి. దెబ్బ ఒక్కటీ లేదు. ఎదురుగా బాధ్యుల పేరు రాయాల్సిన చోట చాలాసేపు కలం కదల్లేదు. తాళానికి, పింఛనుకు చిన్నకొడుకు పేరు సులువుగానే రాశాను. నిర్లక్ష్యానికి? నీళ్లు తగ్గించింది కోడలే. కానీ ఆ ఇంట్లో ఆమె ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, వండిపెట్టేది కూడా ఆమె ఒక్కతే. హైదరాబాద్‌లో ఉన్న పెద్దకొడుకు మూడేళ్లుగా ఫోన్ కూడా చేయలేదు. పక్క జిల్లాలో ఉన్న కూతురు భర్తకు తెలియకుండా బీపీ మాత్రలు పంపిస్తుంది, అంతే. చేసే చేతి తప్పు అందరికీ కనిపిస్తుంది, అసలు చేయి వేయనివాడి తప్పు ఎవరి నోటా రాదు. చివరికి నలుగురి పేర్లూ రాశాను. ఒకే వరుసలో రాయడం అన్యాయమనిపించి కోడలి పేరు పక్కన "ఈమెకూ సాయం అవసరం" అని చేర్చాను. 60 దాటినవారిలో ప్రతి ఆరుగురికి ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు దుర్మార్గపు ముఖాలేవీ కనిపించవు. ఇలా నాలుగున్నరకు లేచే ఇళ్లే ఎక్కువ కనిపిస్తాయి.

పక్కింటావిడ మీద ఒక మాట. స్ట్రాతో నీళ్లిచ్చిన ఆ మనిషే "ఎవరికి చెప్పాలో తెలియలేదమ్మా. చెబితే వాళ్లతో పగ కదా" అంది. ఆమెకు 14567 నంబరు రాసిచ్చాను. వృద్ధుల కోసం హైదరాబాద్‌లో మొదలై దేశమంతటికీ విస్తరించిన ఎల్డర్‌లైన్ అది. ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేసేది ఇంటివాళ్లే కానక్కర్లేదు. ప్రాణం మీదికి వచ్చేదైతే దానికోసం ఆగకూడదు, 112కే చేయాలి.

ఇక కాగితాల సంగతి.

చిన్నకొడుకు చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు వచ్చి వరుసగా రెండు పంటలు పోయాయి. మేత వ్యాపారికి బాకీ, దాని మీద నూటికి మూడు రూపాయల వడ్డీ. మామ్మగారి గొలుసు ముందే తాకట్టుకు వెళ్లింది. ఇల్లు? 2021లోనే ఆమె ఆ ఇంటిని చిన్నకొడుకు పేర సెటిల్‌మెంట్ దస్తావేజు రాసిచ్చారు. పెద్దకొడుకు అలక అప్పటిదే.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు నకలు, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించాను. దస్తావేజులో అంతా మామూలు పాఠమే. "నాకు నీ యందు గల ప్రేమానురాగముల చేత" ఇస్తున్నట్టు, "ఈ రోజు నుంచి సర్వహక్కులతో" అనుభవించమన్నట్టు ఉంది. తల్లిని చూసుకోవాలన్న మాట ఒక్కచోటా లేదు. ఈసీలో ఇంకొకటి బయటపడింది. ఇంటి మీద అప్పు తీసుకున్నట్టు నమోదై ఉంది. మామ్మగారికి ఆ సంగతి తెలియదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో 23వ సెక్షన్ ఇలాంటి దస్తావేజుల కోసమే ఉంది. తన కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఒక పెద్దమనిషి ఆస్తి రాసిస్తే, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు భావించి రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. షరతు అన్న మాట దగ్గరే చిక్కంతా. షరతు ఉన్నట్టు చూపించకపోతే రద్దు కుదరదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన మరో తీర్పులో, ఇది పెద్దల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలంటూ ఒక తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసి ఆస్తి తిరిగి ఆమెకు అప్పగించమంది. ఆ కేసులో చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన వాగ్దానపత్రం కూడా ఉంది.

మాకు అలాంటిదేమైనా ఉందా అని అడిగితే మామ్మగారు ట్రంకుపెట్టె తీయించారు. పెళ్లిచీర మడతలో తెల్లకాగితం ఒకటి. దస్తావేజు రిజిస్టరైన రోజునే నలుగురు పెద్దమనుషులు కూర్చుని రాయించినది. "తల్లిని ఆమె తదనంతరం వరకు చిన్నవాడే పోషించునట్లు", కింద ఇద్దరు కొడుకుల సంతకాలు. తప్పుల తడక, స్టాంపు లేదు, ఒక మూల చెద కొట్టింది. నాకైతే ఎంత సంతోషం వేసిందో! రద్దు దరఖాస్తు మనసులోనే రాసేసుకున్నాను.

ఇక్కడ నా రెండో తప్పు. ఆమెను అడగలేదు.

అడిగినప్పుడు ఆమె చెప్పింది ఇది: "ఇల్లు వాడిదేలే అమ్మా. వెనక్కి తీసుకుని నేనేం చేసుకుంటాను? కొడుకును కోర్టుకు లాగిన తల్లి అనిపించుకోను." మరి ఏం కావాలి అంటే వేళ్లు మడిచి మూడు చెప్పారు. తలుపు. మంచినీళ్లు. మధ్యాహ్నంపూట సందు చివర అరుగు మీద కూర్చోవడం, అక్కడ తన ఈడు వాళ్లు నలుగురు ఉంటారు. అంతే. వృద్ధాశ్రమం మాట ఎత్తితే దుప్పటి మళ్లీ తల మీదికి వెళ్లింది.

పోలీసు కేసు పెట్టాలా వద్దా అన్నది మిగిలిన ప్రశ్న. మనిషిని లోపల ఉంచి బయట తాళం వేయడం అక్రమ నిర్బంధమే, నేరమే. స్త్రీ కాబట్టి గృహహింస చట్టం 2005 కింద కొడుకు మీద రక్షణ, నివాస ఉత్తర్వులు కోరే దారి కూడా ఆమెకు ఉంది. రెండూ వివరించాను, రెండూ వద్దన్నారు. తెలివి స్పష్టంగా ఉన్న మనిషి నిర్ణయం అది, గౌరవించాలి. కానీ చిన్నకొడుకును కూర్చోబెట్టి ఒక మాట మాత్రం చెప్పాను. "మళ్లీ ఆ తలుపుకు బయట తాళం కనిపిస్తే నేను మీతో మాట్లాడను, 112తో మాట్లాడతాను." అతను తల దించుకుని "చెరువు పోయిన దగ్గర్నుంచి నాకు ఏం చేస్తున్నానో తెలియడం లేదు మేడమ్" అన్నాడు. నిజమే కావచ్చు. ఆ పూటకు నాకు అతని మీద జాలి కలగలేదని మాత్రం రాయాలి.

ఆసుపత్రి నుంచి మామ్మగారు నేరుగా ఇంటికి వెళ్లలేదు. కూతురి ఇంట్లో మూడు వారాలు ఉన్నారు. అల్లుడు మొదట ముఖం ముడుచుకున్నా, ఆమె వెళ్లేరోజు ఆటో తానే తెచ్చాడు. ఆ మూడు వారాల్లో దరఖాస్తు తయారైంది. రద్దు కోసం కాదు, పోషణ కోసం.

ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వేసే ఈ దరఖాస్తుకు న్యాయవాదిని పెట్టుకోవలసిన పని లేదు. పెద్దవాళ్లు స్వయంగా వేయవచ్చు, చేతకాకపోతే వాళ్లు అనుమతించిన వ్యక్తి గానీ సంస్థ గానీ వేయవచ్చు. ఉచిత న్యాయసహాయం కావాలంటే 15100 ఉంది. మామ్మగారు ముగ్గురు పిల్లలనూ ప్రతివాదులుగా చేర్చి, దరఖాస్తు మొత్తం చదివించుకుని, ఒకచోట "దుష్టుడైన" అని నేను రాసిన మాట కొట్టేయించి, వేలిముద్ర వేశారు.

కోర్టుకు లాగనన్న మనిషి దీనికి ఎలా ఒప్పుకున్నారంటే, ఒక్క విషయం ఆమెకు నచ్చింది. విచారణకు ముందు ట్రిబ్యునల్ కేసును రాజీ అధికారికి పంపవచ్చు, ఆయన నెలలోపు పిల్లలతో మాట్లాడి తేల్చాలి. "పెద్దమనుషుల్లో పెట్టడమే కదా" అన్నారామె. దాదాపు అదే అన్నాను.

పెద్దకొడుక్కు నోటీసు ఒకసారి తిరిగి వచ్చింది, రెండోసారి అందింది. నోటీసు అందిన రోజు నుంచి 90 రోజుల్లో తేల్చాలని చట్టం. అతని వాదన ఒక్కటే. "ఇల్లు తిన్నవాడే చూసుకోవాలి. నాకు పైసా ఇవ్వలేదు." ఈ మాట నేను వారానికొకసారైనా వింటాను. ఊళ్లలో పెద్దమనుషులు కూడా ఇదే తీర్పు చెబుతారు. చట్టం అలా చెప్పదు. పిల్లలు లేని వృద్ధుల విషయంలోనే ఆస్తి అందుకున్న లేదా అందుకోబోయే బంధువుకు బాధ్యత. కన్నపిల్లలకు ఆస్తితో సంబంధం లేదు. తల్లి తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే చాలు. కొడుకైనా కూతురైనా ఒకటే. రాజీ అధికారి ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పినప్పుడు అతను "అయితే వాడి సంగతేమిటి?" అన్నాడు. అప్పటిదాకా మాట్లాడని మామ్మగారు "వాడి సంగతి వాడి పెళ్లాం చూసుకుంటోంది, నువ్వు నా సంగతి చెప్పు" అన్నారు.

చివరి రోజు ఆర్డీఓ ఆమెను నేరుగా అడిగారు, "మీకు ఏం కావాలమ్మా?" అని. నేను రాసిన దరఖాస్తులో రెండు పేజీల కోరికలు ఉన్నాయి. ఆమె "తలుపు గడియ లోపల ఉండాలి బాబూ" అన్నారు.

ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. పెద్దకొడుకు నెలకు 4,000, కూతురు తనంతట తాను ఒప్పుకున్న 1,000 ఆమె బ్యాంకు ఖాతాలో వేయాలి. ఈ చట్టం కింద నెలకు ఇప్పించగల గరిష్ఠం 10,000. చిన్నకొడుకు వంతు ఇల్లు, తిండి. పింఛను ఆమె చేతిలోనే ఉండాలి. ఆమె బతికుండగా ఇల్లు అమ్మనని, అందులో ఉండే హక్కు ఆమెకు ఉందని అతను వేరే కాగితం రిజిస్టరు చేయించాడు. అప్పు నమోదు దానికంటే ముందుది కాబట్టి, అప్పిచ్చినవాళ్లు ఇంటి మీదికి వస్తే ఆ కాగితం ఎంతవరకు ఆగుతుందన్నది నాకు అనుమానమే. ఈ కేసులో తీరని చిక్కు అది.

ఉత్తర్వు కంటే ముందే ఇంట్లో పని మొదలైంది, ఉత్తర్వు కంటే ఎక్కువ మార్పు తెచ్చింది కూడా అదే. పక్కింటావిడకు నెలకు 2,500 ఇచ్చి పదకొండుకు ఒకసారి, మూడుకు ఒకసారి వచ్చేలా మాట్లాడాం. వచ్చి నీళ్లు తాగించి, కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టి, పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. ఇంతకుముందు కిటికీ బయట నిలబడి ఉచితంగా చేసిన పనే, ఇప్పుడు తలుపులోంచి వచ్చి జీతానికి చేస్తోంది. లీటరు సీసా మీద మార్కరుతో మూడు గీతలు గీశాం. మొదటి గీత దాకా తొమ్మిదిలోపు, రెండోది ఒంటిగంటకు, మూడోది ఐదుకు. కాఫీ, మజ్జిగ, చారు దీనికి అదనం. చీకటి పడ్డాక తగ్గించాలి, పగలు కాదు. డాక్టరుకు చూపించి రాసుకున్న లెక్క ఇది, గుండెజబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లకు పనికిరాదు. దొడ్లో మెట్లకు వెల్డరు ఇనుప కమ్మీ వేశాడు, 1,800 అయింది. ఆ కమ్మీ ఏడాది ముందు వేసి ఉంటే ఆ ఇంటికి తాళమే వచ్చేది కాదని నా నమ్మకం. పుండు కట్టు ఏఎన్ఎం చూసుకున్నారు, జులై మధ్యకు మానింది.

గడియ దగ్గర మళ్లీ చిక్కు. లోపల గడియ పెట్టుకుని ఆమె పడిపోతే? బయటినుంచి తాళంచెవితో తీయగలిగే, లోపలి నుంచి చేత్తోనే తెరుచుకునే రకం తాళం బిగించాం. ఒక తాళంచెవి పక్కింటావిడ దగ్గర ఉంటుంది. ఎవరి దగ్గర ఉండాలో మామ్మగారే చెప్పారు. కొడుకు పేరు చెప్పలేదు.

కోడలి విషయంలో నేను చేయగలిగింది తక్కువ. ఆదివారం ఒక పూట కూతురు వచ్చి ఉంటుంది, ఆ పూట కోడలు పుట్టింటికి వెళుతుంది. తన మీద చెయ్యెత్తడం గురించి విడిగా మాట్లాడాలని రెండుసార్లు ప్రయత్నించాను. "ఇప్పుడు బాగానే ఉన్నారు మేడమ్" అంది. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమె ఫోనులో ఉంది, వేరే పేరుతో.

దస్తావేజు రాయించబోయే పెద్దలు ఎవరైనా నా దగ్గరికి వస్తే ఇప్పుడు ఒక్క వాక్యం కోసం పట్టుబడుతున్నాను: పుచ్చుకున్నవారు నాకు తిండి, బట్ట, వైద్యం, నివాసం చూడాలన్న షరతు మీద ఇస్తున్నానని దస్తావేజులోనే ఉండాలి. లేఖరులు పాత పాఠం దించేసి "అది రాస్తే కొడుకును నమ్మనట్టు ఉంటుందమ్మా" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నమ్మకం ఉంటే రాయడానికి అడ్డమేమిటి? ఇంకా మంచిది, బతికుండగా జీవితకాల హక్కు తమకే ఉంచుకోవడం, లేదా అసలు దస్తావేజు మానేసి వీలునామా రాసుకోవడం. వీలునామా అయితే తదనంతరమే అమలవుతుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

డిసెంబరు 17న వెళ్లాను. పెద్దకొడుకు రెండు నెలలుగా డబ్బు వేయలేదు. ఉత్తర్వు పాటించకపోతే బకాయి వసూలుకు వారెంటు ఇవ్వవచ్చు, అప్పటికీ కట్టకపోతే నెలదాకా జైలు కూడా ఉంది. ఆ దరఖాస్తు రాసుకుని తీసుకెళ్లాను. తలుపు కొడితే లోపలి నుంచి "ఎవరూ?" అని వినిపించింది. చెప్పాను. "తలంటుకుంటున్నాను, అరగంట ఆగు" అన్నారు. వసారాలో కూర్చున్నాను. కుంకుడుకాయ వాసన బయటిదాకా వచ్చింది.

తల ఆరబెట్టుకుంటూ దరఖాస్తు చదివించుకుని విన్నారు. "సంక్రాంతికి వస్తానని ఫోన్ చేశాడు. వచ్చాక చూద్దాం" అన్నారు. ఫోన్ చేశాడా లేదా అని పక్కింటావిడ వైపు చూశాను. ఆమె తల ఊపింది, ఎటు ఊపిందో నాకు సరిగా అర్థం కాలేదు. కాగితం సంచిలో పెట్టుకున్నాను. పండుగ అయ్యాక మళ్లీ వెళ్లాలి.